ఎముకలు గుల్లబారితే రాసే మందులు: ఇబ్బంది ఎక్కడొస్తుంది, ఎందుకొస్తుంది

మొగల్రాజపురం వాణి
ఇంట్లో పెద్దావిడకి 69 ఏళ్లు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్ను దగ్గర టీ స్కోరు మైనస్ 3.1, అంటే ఎముక బాగా గుల్లబారింది. ఎముక కరగడం తగ్గించే అలెండ్రోనేట్ 70 ఎంజీ బిళ్ల వారానికొకటి రాశారు. దాంతోపాటు కాల్షియం బిళ్ల షెల్‌కాల్ 500, వారానికోసారి డి విటమిన్ 60,000 యూనిట్ల సాచెట్. ఎప్పట్నుంచో థైరాయిడ్ బిళ్ల, కడుపులో ఆమ్లం తగ్గించే పాంటోప్రజోల్ ఉన్నాయి. మోకాళ్లకి అప్పుడప్పుడూ నొప్పి బిళ్ల డైక్లోఫెనాక్. అలెండ్రోనేట్ వేసుకున్న రోజున ఛాతీలో మంట, మింగుతుంటే అడ్డం పడ్డట్టు ఉంటోంది. ఏడాదికోసారి సెలైన్‌లో ఎక్కించేదానికి మారదామంటే జ్వరమొస్తుందంటున్నారు. ఆరు నెలల ఇంజెక్షన్ మొదలుపెడితే ఇక ఆపకూడదంటున్నారు. దేంట్లో ఏ ఇబ్బంది, ఎంతవరకు భయపడాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

బీసెంట్‌రోడ్ ఫార్మసిస్టు
వాణి గారూ, ముందు అర్జంటు సంగతి. మింగితే నొప్పి, అడ్డం పడటం, ఛాతీ మధ్యలో కొత్తగా మంట, వీటిలో ఏదున్నా వచ్చే వారం బిళ్ల వేయకండి. రాసిన డాక్టర్ని కలవండి. అన్నవాహికలో పుండు పడితే ఇలాగే మొదలవుతుంది. పాంటోప్రజోల్ డోసు పెంచేసి అదే బిళ్ల కొనసాగిస్తుంటారు కొందరు. అది తప్పు. బిళ్ల గోడకి అంటుకుని అక్కడే కరిగితే ఆ చోటే ఒరుసుకుపోతుంది, దాన్ని ఆమ్లం తగ్గించే బిళ్ల ఆపలేదు.

ఇప్పుడు పద్ధతి. పొద్దున లేవగానే, పరగడుపున, మామూలు మంచినీళ్లతో. గ్లాసు నిండా అంటే 200 నుంచి 250 ఎంఎల్. ఇళ్లలో వాడే చిన్న స్టీలు గ్లాసుల్లో 150 కూడా పట్టవు, ఒకసారి కొలిచి చూసుకోండి. రెండు గుటకలతో మింగేయడం దగ్గరే చాలామందికి తేడా వస్తుంది. బిళ్ల నమలకూడదు, చప్పరించకూడదు, పొడి చేయకూడదు, నోట్లో పుళ్లు పడతాయి. కూర్చునైనా నిలబడైనా నిటారుగా ఉండి మింగాలి. తర్వాత కనీసం 30 నిమిషాలు నడుం వాల్చకూడదు. 30 నిమిషాలు అయ్యాక కూడా ఏదైనా తినేదాకా పడుకోకూడదు. ఇదే జాతి మందు, నెలకొకటి వేసుకునే ఐబాండ్రోనేట్ 150 ఎంజీ అయితే ఆ అరగంట కాస్తా గంట అవుతుంది. రాత్రి పడుకోబోయే ముందు వేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

మంచినీళ్లే ఎందుకంటే, ఈ మందు పద్ధతిగా వేసుకున్నా ఒంటికి పట్టేది 1 శాతం లోపే. కాఫీతోనో నారింజ రసంతోనో వేసుకుంటే అందులో 60 శాతం దాకా పోతుంది. పాలతో, కాల్షియంతో కలిస్తే మిగిలేది దాదాపు సున్నా. పల్నాడు వైపు ఉప్పు బోరు నీళ్లు తాగే ఇళ్లలో ఈ ఒక్క గ్లాసు మటుకు ఫిల్టరు నీళ్లు వాడండి. అలాంటి బోరు నీళ్లలోని కాల్షియం కూడా మందుని పట్టేసుకుంటుంది.

ఒక వారం మర్చిపోతే గుర్తొచ్చిన మర్నాడు పొద్దున ఒకటి వేసుకుని, మళ్లీ పాత వారానికే రావాలి. ఒకే రోజు రెండు వేసుకోవద్దు.

తెనాలి మాస్టారు
దీనికి మన ఇళ్లలో తగిలే చిక్కులు చెప్తాను. పెద్దవాళ్లు లేవగానే వాకిలి ఊడ్చి ముగ్గు వేస్తారు. మందు పడ్డ అరగంటలో వంగి పనిచేస్తే లోపలిది పైకి తన్నుతుంది. ఆ రోజుకి ముగ్గు ఇంకొకరు వేయాలి, లేదా ముగ్గు అయ్యాకే బిళ్ల. పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనివాళ్లుంటారు. వాళ్లు పూజయ్యాక వేసుకోవచ్చు, కానీ తీర్థంతో, పంచామృతంతో కాదు. పాలు, పెరుగు, తేనె అన్నీ అందులోనే ఉంటాయి. నిర్జల ఉపవాసం చేసే రోజుని మందు రోజుగా పెట్టుకోకండి. క్యాలెండర్‌లో గడి చూసి వారం ఖాయం చేసుకోవడం మేలు. మంగళవారమో బుధవారమో అయితే పేచీ తక్కువ.

అరండల్‌పేట ఎండోక్రైన్
థైరాయిడ్ బిళ్ల, ఈ బిళ్ల రెండూ పరగడుపునే అంటారు కాబట్టి జనం రెండూ ఒకేసారి మింగేస్తారు. వారంలో ఆ ఒక్క రోజు ఇలా చేయొచ్చు: 5.30కి అలెండ్రోనేట్, 6కి థైరాయిడ్ బిళ్ల మళ్లీ నీళ్లతోనే, 6.30కి పాంటోప్రజోల్, 7కి కాఫీ టిఫిను. షెల్‌కాల్ మధ్యాహ్నం భోజనంతోగానీ రాత్రి భోజనంతోగానీ. అది కాల్షియం కార్బొనేట్, తిండితో పడితేనే కరుగుతుంది, పైగా థైరాయిడ్ బిళ్లకి కనీసం 4 గంటల ఎడం ఉండాలి. పాంటోప్రజోల్ రోజూ తప్పనిసరి అయినవాళ్లకి కాల్షియం సిట్రేట్ నయం, దానికి ఆమ్లంతో పనిలేదు. ఐరన్ బిళ్ల ఉంటే అదీ అలెండ్రోనేట్‌కి దూరంగానే.

అసలు పాంటోప్రజోల్ ఎందుకు వాడుతున్నారో ఒకసారి అడగండి. ఏళ్ల తరబడి వాడితే ఎముక విరిగే అవకాశం పెరగడంతో సంబంధం కనిపించింది. చాలామందికి ఎప్పుడో రాసింది అలా నడిచిపోతూ ఉంటుంది. డైక్లోఫెనాక్ అలెండ్రోనేట్‌తో కలిస్తే కడుపులో పుండ్ల ముప్పు ఇంకాస్త ఎక్కువ. మోకాళ్లకి పారాసిటమాల్, పూత మందు సరిపోతాయేమో చూడాలి.

డి విటమిన్ సాచెట్ గురించి ఒక హెచ్చరిక. వారానికొకటి, సాధారణంగా 8 వారాలు, తర్వాత నెలకొకటి. ఈ "వారానికి" అన్న మాట చెవిన పడక రోజూ తాగేసినవాళ్లు రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, అయోమయం, కిడ్నీ దెబ్బతినడం దాకా వెళ్తారు. చీటీ మీద తెలుగులో "బుధవారం మాత్రమే" అని రాయించుకోండి.

అమరావతి రోడ్ ప్రకృతి
ఇంత తతంగం ఎందుకండీ. నల్లేరు పచ్చడి, నువ్వులు, రాగిజావ, తాంబూలంలో సున్నం ఉంటే చాలు. మన పెద్దలకి డెక్సాలు తెలుసా? ఈ బిళ్లలు ఎముకని రాయిలా గట్టిపరిచి ఆనక విరగ్గొడతాయి.

అరండల్‌పేట ఎండోక్రైన్
రాగులు, నువ్వులు తినండి, నేనూ తినమనే చెప్తాను. 100 గ్రాముల రాగుల్లో 340 ఎంజీకి పైగా కాల్షియం ఉంది. రోజుకి కావలసింది మొత్తం 1000 నుంచి 1200. తిండితో వచ్చేది పోను మిగిలిందే బిళ్లతో పూడ్చాలి. తాంబూలం సున్నం మాత్రం నోటికి చేటు. కాల్షియం ఇటుక లాంటిది, మైనస్ 3.1 దగ్గర జరుగుతున్నది గోడ కూలడం. ఎముకని తినేసే కణాల జోరు తగ్గించకుండా ఇటుకలు పోసి లాభం లేదు. నల్లేరు వాడితే తుంటి విరగడం తగ్గినట్టు చూపిన పెద్ద పరీక్షలు లేవు. మీరన్న "ఆనక విరగడం" కట్టుకథ కాదు, నిజంగా ఉంది. కానీ ఎంత? దానికి పటమట ఫిజియో గారు రాస్తే బాగుంటుంది.

పటమట ఫిజియో
రాస్తున్నాను. దీన్ని తొడ ఎముక అసాధారణ విరుపు అంటాం. తుంటి దగ్గర కాకుండా తొడ ఎముక నడిమి భాగంలో, బయటి వైపు గోడలో సన్నటి బీటగా మొదలవుతుంది. రోజువారీ నడకలో ఎముకలో వెంట్రుకవాసి పగుళ్లు పడుతుంటాయి, ఒళ్లు వాటిని తవ్వి మళ్లీ పూడ్చుకుంటుంది. ఈ మందులు ఆ తవ్వకాన్నే నెమ్మదింపజేస్తాయి. ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని పగుళ్లు పూడకుండా మిగిలిపోతాయి.

లెక్క ఇదీ. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా మహిళల మీద చేసిన పెద్ద అధ్యయనం 2020లో వచ్చింది. 10,000 మంది మూడేళ్లు వాడితే శ్వేతజాతి మహిళల్లో 149 తుంటి విరుపులు తప్పాయి, 2 అసాధారణ విరుపులు వచ్చాయి. ఆసియా మూలాలున్నవాళ్లలో తప్పినవి 91, వచ్చినవి 8. మనం రెండో వరసలోకి వస్తాం కాబట్టి తేలిగ్గా తీసుకోకూడదు. అయినా 91కి 8. మందు మానేయమని చెప్పే లెక్క కాదిది, ఏళ్లు లెక్కపెట్టుకుంటూ వాడమని చెప్పే లెక్క. మందు ఆపాక ఈ ముప్పు త్వరగానే దిగిపోతుందని కూడా అందులోనే తేలింది.

పట్టుకోవడం ఎలా? విరిగేముందు వారాలో నెలలో ముందుగా తొడలోగానీ గజ్జల్లోగానీ మొద్దు నొప్పి ఉంటుంది. అడుగు మోపితే ఎక్కువ, కూర్చుంటే తక్కువ. దెబ్బ తగిలి ఉండదు. మన దగ్గర దీన్ని సయాటికా అనో మోకాలి నొప్పి తొడకి పాకిందనో అనేస్తారు, నడుముకి ఎక్స్‌రే తీస్తారు, ఏమీ కనిపించదు. అడగాల్సింది రెండు తొడ ఎముకలకీ, తుంటి నుంచి మోకాలి దాకా పూర్తి పొడవు ఎక్స్‌రే. రెండూ అని ఎందుకంటున్నానంటే రెండో కాలులో కూడా బీట ఉండటం మామూలే. బయటి గోడ మీద చిన్న ముక్కులా పొంగితే అదే గుర్తు. ఎక్స్‌రేలో ఏమీ లేకపోయినా నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ. ఈలోపు ఆ కాలి మీద బరువు పెట్టకూడదు. మసాజులు, మెట్లెక్కించడం, "నడిస్తే అదే సర్దుకుంటుంది" లాంటి సలహాలు ఇక్కడ పనికిరావు.

ఇంకో మాట. కీళ్ల నొప్పులకి పొట్లాల్లో కట్టిచ్చే పేరులేని తెల్ల బిళ్లల్లో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. ఎముక గుల్లబారడానికి అదొక కారణం, పైగా ఈ అసాధారణ విరుపు ముప్పుని కూడా అదే పెంచుతుంది. ఆ పొట్లాల సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి.

మొగల్రాజపురం వాణి
చాలా ఉపయోగంగా ఉంది. బిళ్ల ఆపేశాం, డాక్టరు ఎండోస్కోపీ చూశాక చెప్తానన్నారు. సెలైన్‌లో ఎక్కించే మందు గురించి కూడా రాయగలరా?

సూర్యారావుపేట సిస్టర్
జోలెడ్రోనిక్ ఆసిడ్ 5 ఎంజీ, 100 ఎంఎల్ సీసాలో వస్తుంది, ఏడాదికోసారి. ముందుగా మూడు రిపోర్టులు చేతిలో ఉండాలి: క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), కాల్షియం, డి విటమిన్. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి "1.1 ఉంది, బాగానే ఉంది" అనుకోకూడదు. వయసు, బరువు కలిపి కిడ్నీ వడపోత లెక్క కట్టాలి. అది నిమిషానికి 35 ఎంఎల్ కన్నా తక్కువైతే ఈ మందు ఎక్కించకూడదు. 69 ఏళ్లుండి 45 కేజీలున్న సన్నటి ఆడమనిషికి 1.1 అంటే 34 దగ్గరికి వస్తుంది, లెక్క కట్టి చూడండి.

ఎక్కించేది కనీసం 15 నిమిషాలు. బెడ్డు ఖాళీ కావాలని సెలైన్ గొట్టం మీది చక్రం మొత్తం తిప్పి పది నిమిషాల్లో అవగొడితే కిడ్నీ మీద పడుతుంది. మేము అరగంట పెడతాం. రింగర్ లాక్టేట్ అనే సెలైన్ పోతున్న గొట్టంలోనే కలపకూడదు, అందులో కాల్షియం ఉంది. ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించాలి. పరగడుపు అక్కర్లేదు, టిఫిన్ చేసి రావచ్చు. నీరు పోయే బీపీ బిళ్ల వేసుకునేవాళ్లు ముందే చెప్పాలి. అర్జంటు లేకపోతే బెజవాడ రోహిణి కార్తె ఎండల్లో కాకుండా చలికాలంలో పెట్టించుకోవడం నా మాట, ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడే ఈ మందు కిడ్నీని ఇబ్బంది పెడుతుంది. ఇప్పటికే తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్లకి మాత్రం సీజన్ చూడక్కర్లేదు, సర్జన్ చెప్పిన తేదీకే.

జ్వరం సంగతి నిజమే. మొదటిసారి దాదాపు మూడో వంతు మందికి మూడు రోజుల్లోపు జ్వరం, ఒళ్లు నొప్పులు, తలనొప్పి వస్తాయి. రెండో ఏడాది 7 శాతం లోపు, మూడో ఏడాది 3 శాతం లోపు. ఎక్కించిన రోజే పారాసిటమాల్ 650 మొదలుపెట్టి మూడు రోజులు, ఆరేసి గంటల ఎడంతో డాక్టరు చెప్పినట్టు వేస్తే బాగా తగ్గుతుంది. ఇది ఇన్ఫెక్షన్ కాదు, యాంటీబయాటిక్ వద్దు. నాలుగో రోజుకీ జ్వరం ఉంటే అప్పుడు వేరే కారణం వెతకాలి.

కన్ను ఎర్రబడి లోపల్నుంచి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక, ఇవి వస్తే కళ్లకలక చుక్కలు వేసి ఊరుకోవద్దు. కంటి లోపలి పొర వాపు అరుదుగా వస్తుంది, కంటి డాక్టరు ఆ రోజే చూడాలి. మూతి చుట్టూ, వేళ్ల చివర్లు తిమ్మిరిగా చీమలు పాకినట్టు ఉండి పిక్కలు పట్టేస్తుంటే కాల్షియం పడిపోయిందని అర్థం. డి విటమిన్ సరిచేయకుండా ఎక్కిస్తే వచ్చే తంటా ఇది.

అరండల్‌పేట ఎండోక్రైన్
సిస్టర్ గారి దానికి చిన్న చేర్పు. 2007లో వచ్చిన పెద్ద పరీక్షలో తీవ్రమైన గుండె లయ గందరగోళం జోలెడ్రోనిక్ వాడినవాళ్లలో 1.3 శాతం, వాడనివాళ్లలో 0.5 శాతం కనిపించింది. తర్వాత చేసిన ఇంకో పెద్ద పరీక్షలో ఇలా తేలలేదు. అయినా గుండె దడ ఉన్నవాళ్లు ముందే చెప్పడం మంచిది. ఇంకొకటి, క్యాన్సర్ ఎముకకి పాకినప్పుడు వాడే 4 ఎంజీ సీసా వేరు, అది నెలనెలా కూడా ఇస్తారు. నెట్‌లో కనిపించే భయపెట్టే దవడ ఫొటోలు ఎక్కువగా ఆ వాడకంలోవే.

గవర్నర్‌పేట దంతాలు
దవడ మాటొచ్చింది కాబట్టి. గుల్లబారిన ఎముకలకి వాడే మోతాదులో దవడ ఎముక చచ్చుబడటం చాలా అరుదు, ఏడాదికి 10,000 మందిలో ఒకరి నుంచి లక్షలో ఒకరి దాకా చెప్తారు. పన్ను తీసిన చోట 8 వారాలు దాటినా చిగురు మూసుకోకుండా ఎముక బయటికి కనిపిస్తుంటే అనుమానించాలి. మందు మొదలుపెట్టేముందే కదిలే పళ్లు, మిగిలిన మొదళ్లు తీయించేసుకోండి. కట్టుడు పళ్ల సెట్టు ఒరుసుకుంటుంటే సరిచేయించుకోండి. క్లీనింగ్, ఫిల్లింగ్, రూట్ కెనాల్‌కి ఏ అడ్డూ లేదు. మందు వాడుతుండగా పన్ను తీయాల్సొస్తే తీస్తాం, ముందూ తర్వాతా క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత, అవసరమైతే యాంటీబయాటిక్. పన్ను పీకించుకోవడానికి భయపడి చీముతో నెలలు గడపడం ఇంకా చేటు, ఆ చీమే ఎముకని తినేస్తుంది. ఆరు నెలల ఇంజెక్షన్ వాడేవాళ్లయితే వేసిన 3, 4 నెలలకి పన్ను తీయించుకుంటే తర్వాతి డోసు వేళకి మానిపోతుంది. పన్ను కోసం డోసు ఎగ్గొట్టవద్దు, ఎందుకో కింద ఎవరైనా రాస్తారు.

బీసెంట్‌రోడ్ ఫార్మసిస్టు
నేనే రాస్తాను. డెనోసుమాబ్ 60 ఎంజీ, ఆరు నెలలకోసారి చర్మం కింద. కిడ్నీ సరిగా లేనివాళ్లకి కూడా డోసు మార్చక్కర్లేదు, కడుపులో మంట ఉండదు, జ్వరం ఉండదు. అందుకే అందరికీ నచ్చుతుంది. చిక్కంతా ఆపడంలోనే. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఎముకలో ఏళ్ల తరబడి నిలవుంటాయి, బిళ్లలు ఐదేళ్లు, సెలైన్ మూడేళ్లు వాడాక ముప్పు తక్కువున్నవాళ్లకి డాక్టర్లు విరామం ఇస్తారు. డెనోసుమాబ్‌కి ఆ నిలవ లేదు. డోసు గడువు దాటగానే ఎముకని తినే కణాలు మొదటికన్నా ఎక్కువగా చెలరేగుతాయి. చివరి డోసు నుంచి 7 నెలలు దాటాక వెన్నుపూసలు ఒకటి కాదు, రెండు మూడు వరసగా కుంగిపోయిన కేసులు చాలా నమోదయ్యాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండిపోయేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. టికెట్టు కొనేముందు డోసు తేదీ చూసుకోండి. ఆపాలనుకుంటే ఆరో నెలకి జోలెడ్రోనిక్‌గానీ బిళ్లలుగానీ వెంటనే మొదలవ్వాలి.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ల విషయంలో కాల్షియం ప్రాణాంతకంగా పడిపోతోందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 జనవరిలో పెట్టె హెచ్చరిక, అంటే మందు కాగితం మీద పెట్టె గీసి ముద్రించే అన్నిటికన్నా గట్టి హెచ్చరిక, పెట్టింది. "కిడ్నీకి సేఫ్" అన్న మాటని అక్కడిదాకా లాక్కెళ్లకూడదు. మిగతావి చర్మం మీద ఎగ్జిమా, కాలు ఎర్రబడి వాచే ఇన్ఫెక్షన్.

నిల్వ: 2 నుంచి 8 డిగ్రీలు, డీప్ ఫ్రీజర్‌లో కాదు. ఐస్ ప్యాక్ లేకుండా ఇస్తే తీసుకోవద్దు. మే నెలలో గుంటూరు ఆర్టీసీ బస్సులో సంచీలో పెట్టుకుని తీసుకెళ్లిన ఇంజెక్షన్ మీద నమ్మకం పెట్టుకోలేం.

తెనాలి మాస్టారు
రోజూ పొట్ట మీద పెన్నుతో వేసుకునే టెరిపారటైడ్ కూడా ఉంది కదా, అదీ రాసేయండి.

సూర్యారావుపేట సిస్టర్
20 మైక్రోగ్రాములు, రోజూ ఒకే వేళకి, తొడ మీదో పొట్ట మీదో. మొదటి కొన్ని డోసుల్లో వేసిన నాలుగు గంటల్లోపు లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు, అందుకే మంచం పక్కనే కూర్చుని వేసుకోవాలి. వికారం, పిక్కలు పట్టేయడం మామూలు. పెన్ను మొదలుపెట్టిన 28 రోజులకి మందు మిగిలినా పారేయాలి. ప్రతి డోసు అవగానే సూది తీసేసి పెన్ను ఫ్రిజ్‌లోకే. గతంలో ఎముకకి రేడియేషన్ తీసుకున్నవాళ్లకి, ఎముక క్యాన్సర్ వచ్చినవాళ్లకి వాడరు. ఎలుకల్లో ఎముక క్యాన్సర్ వచ్చిందని పెట్టిన పాత పెట్టె హెచ్చరికని ఎఫ్‌డీఏ 2020లో తీసేసింది. ఇది ముగిశాక వేరే మందు పట్టుకోకపోతే పెరిగిన ఎముక కరిగిపోతుంది.

అమరావతి రోడ్ ప్రకృతి
91కి 8 అన్న లెక్క బాగుంది, ఒప్పుకుంటాను. డెక్సా మీద మాత్రం నాకు గురి లేదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లకి స్కోరు బాగానే ఉంటుంది, నడుం మాత్రం వంగిపోతుంది.

అరండల్‌పేట ఎండోక్రైన్
ఆ మాట సరైనదే. ఫ్లోరోసిస్‌లో ఎముక సాంద్రంగా కనిపిస్తుంది, గట్టితనం ఉండదు. పెద్ద వయసులో వెన్ను అరిగి ముళ్లు పెరిగినా నడుం స్కోరు ఎక్కువ చూపిస్తుంది. అలాంటివాళ్లకి తుంటి స్కోరు, వెన్ను ఎక్స్‌రే చూడాలి. వాణి గారి పెద్దావిడకి మైనస్ 3.1 వచ్చింది కాబట్టి ఆ సందేహం ఇక్కడ లేదు.

వాణి గారూ, ఎండోస్కోపీలో పుండు ఉన్నా, అన్నవాహిక సన్నబడి ఉన్నా నోటి బిళ్లల దారి మూసుకున్నట్టే, అదే జాతి బిళ్ల రైసెడ్రోనేట్‌కి మార్చినా అంతే. అప్పుడు కిడ్నీ లెక్క 35 పైన ఉంటే జోలెడ్రోనిక్, లేకపోతే డెనోసుమాబ్ గురించి అడగండి. వెళ్లేటప్పుడు వాడే బిళ్లల స్ట్రిప్పులన్నీ, పొట్లాలతో సహా, ఒక కవర్లో వేసుకెళ్లండి. ఈ మంట సంగతిని మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఉచిత నంబరు 1800 180 3024కి చెప్పొచ్చు, రోగి తరఫువాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు. స్ట్రిప్పు మీద బ్యాచ్ నంబరు అడుగుతారు, కత్తిరించి పారేయకండి.

మొగల్రాజపురం వాణి
స్ట్రిప్పు ఉంది. వడపోత లెక్క కట్టాం, 41 వచ్చింది. డి విటమిన్ 14 ఉంది.

అరండల్‌పేట ఎండోక్రైన్
14 తక్కువ. సాచెట్లు 8 వారాలూ పూర్తిచేసి, డి విటమిన్, కాల్షియం, క్రియాటినిన్ మళ్లీ చేయించి, ఆ కాగితాలతో వెళ్లండి. అప్పటిదాకా సీసా ఎక్కించమని తొందరపెట్టకండి. 41 అంటే 35కి మరీ దూరం కాదు, ఈలోపు డైక్లోఫెనాక్ ముట్టనివ్వకండి.